కట్టిన ఖర్చు, నిలుపుకొను ఖర్చు

మా సభ్యులలో పలువురు తమ గ్రామములలో పంచాయతీ సభ్యులుగను, మంచినీటి సంఘ సభ్యులుగను ఉన్నారు. వారు మమ్ము తఱచుగ అడుగు ప్రశ్న యొకటి గలదు. "ప్రభుత్వమువారు బోరు వేసిరి, ట్యాంకు కట్టిరి, ఇంటింటికి కుళాయి పెట్టిరి. ఇక మేమేల డబ్బు చెల్లింపవలయును?" ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు ఉపన్యాసముతో గాక లెక్కలతో చెప్పుట మేలని తోచి, ఈ నెల పాఠమును మంచినీటి జమాఖర్చులకు కేటాయించితిమి.

ముందుగ మేమెఱిగిన యొక గ్రామపు సంగతి చెప్పెదము. ఆ యూర సుమారు నాలుగువందల యిండ్లు గలవు. కుళాయిలు వచ్చిన నాలుగవ యేట, ఏప్రిలు నెలలో బోరు మోటారు కాలిపోయెను. మోటారు పైకి తీయించి, వైండింగు కట్టించి, మరల దింపుటకు 23,000 రూపాయలు కావలసివచ్చెను. పంచాయతీ ఖాతాలో నున్న డబ్బు అంతకుముందే కరెంటు బకాయి క్రింద పోయియుండెను. సర్పంచి పై అధికారులకు వ్రాసెను; వారు అంచనా పంపుమనిరి; అంచనా పోయెను; ఉత్తరువు రాలేదు. తుదకు ఊరివారే చందాలు వేసికొని బాగుచేయించునప్పటికి 17 దినములు గడచెను. ఆ 17 దినములు ఆడువారు పొలములలోని బోర్లకు బిందెలతో నడచిరి. త్రాగుటకు మాత్రము ప్రతి యింట దినమున కొక క్యాను, పది రూపాయలకు, కొనిరి. తరువాత రచ్చబండపై ఒక కుఱ్ఱవాడు లెక్కకట్టి చెప్పెను: నాలుగువందల యిండ్లు, 17 దినములు, పదేసి రూపాయలు. మొత్తము 68,000. బాగుచేయుటకు దొరకని 23,000లకై ఊరు మూడింతల డబ్బు పోగొట్టుకొనినది. ఆ యూరివారు బీదలు కారు, లోభులును కారు. ఆ ఖర్చు వచ్చునని ఎవరును వారికి ముందుగ చెప్పలేదు.

ఎడ్లజతను కొనిన రైతునకు ఈ విషయము కొత్త కాదు. కొనిన ధర ఒకసారి యిచ్చినది. మేత ప్రతిదినపు ఖర్చు. లాడములు కొట్టించుట, పలుపులు మార్చుట చిన్న ఖర్చు. పదియేండ్లు గడచునప్పటికి ఎడ్లు ముసలివగును. అప్పుడు కొత్త జతకు డబ్బు సిద్ధముగ నుండవలయును. అప్పు తెచ్చి కొనియున్నచో వడ్డీ వేఱు. ఇవి గాక, పశువైద్యుడు పిలిచినప్పుడు వచ్చుచున్నాడన్న, ఆయన జీతమును ఎవరో యొకరు చెల్లించుచున్నారు. మంచినీటి పథకమునకు సరిగా ఈ ఖర్చులే గలవు. కరెంటు, పంపు నడుపువాని జీతము, బ్లీచింగ్ పౌడరు మేత వంటివి. వాల్వులు, వాషర్లు, పగిలిన గొట్టపు ముక్కలు లాడముల వంటివి. మోటారు, బోరు, గొట్టములు, ట్యాంకు ముసలివగునప్పుడు మార్చుట కొత్త ఎడ్లను కొనుట వంటిది. ఇంజనీరు, నీటి పరీక్షశాల, లెక్కల తనిఖీ పశువైద్యుని వంటివి. మన గ్రామములలో మేత ఖర్చు ఎట్లో జరుగుచున్నది. కొత్త ఎడ్లకై కూడబెట్టు ఆచారము మాత్రము లేదు.

సహకార సంఘములలో దీనిని తరుగుదల యందురు. మన సంఘపు గోదాముపైన, త్రాసుపైన, ట్రాక్టరుపైన ఏటేట కొంత విలువ తగ్గించి వ్రాయుచున్నామని ఆస్తి అప్పుల పట్టిక చూచిన సభ్యులెల్ల ఎఱుగుదురు. పంచాయతీ లెక్కలు సాధారణముగ వచ్చిన డబ్బును, పోయిన డబ్బును మాత్రమే చూపును. ఏడేండ్లు నడచిన మోటారు ఆ లెక్కలలో నిన్న కొనిన మోటారుతో సమానము. అది కాలిపోయిన దినమున గాని దాని వయస్సు ఎవరికిని జ్ఞాపకము రాదు.

లెక్క

ఇప్పుడొక గ్రామమును ఊహించి లెక్కకట్టుదము. ఇందలి ధరలు మాదిరికి మేము వేసికొనినవి. చదువరులు తమ యూరి ధరలను వేసికొని చూడవలయును.

ఇండ్లు 400, జనము 1,600. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్ల నీటిని నిర్ణయించినది. ఆ చొప్పున 88,000 లీటర్లు కావలయును. దారిలో కాఱిపోవు నీటిని గూడ కలుపుకొని దినమునకు లక్ష లీటర్లు తోడవలయుననుకొందము. బోరులోని నీటిమట్టము మొదలు ట్యాంకు పైవఱకు ఎత్తు 60 మీటర్లు. లక్ష లీటర్లను అంత యెత్తునకు లేపుటకు న్యాయముగ 16 యూనిట్లు చాలును. కాని మోటారులోను, పంపులోను, గొట్టములలోను పోవునది పోగా, కరెంటులో నూటికి నలువది పాళ్లే పనికి వచ్చును. కావున దినమునకు 41 యూనిట్లు, ఏడాదికి సుమారు 15,000 యూనిట్లు కాలును. యూనిటు ఏడు రూపాయలైనచో ఇది 1,05,000. పంపు నడుపువానికి నెలకు ఆరువేల చొప్పున 72,000. బ్లీచింగ్ పౌడరు దినమునకు ఆరేడువందల గ్రాములు. ఏడాదికి 10,000 అనుకొందము. చిల్లర మరమ్మతులకు 40,000. మొత్తము 2,27,000. ఇంటికి నెలకు 47 రూపాయలు.

చాల పంచాయతీలు లెక్క ఇక్కడ ఆపివేయును. అసలు పాఠము ఇక్కడనే మొదలగును. వస్తువుల ఖరీదును వాని ఆయుర్దాయముచే భాగించి చూతము.

మోటారు, పంపు: 84,000, ఏడేండ్లు, ఏడాదికి 12,000.
స్టార్టరు, కరెంటు సామాను: 30,000, ఆరేండ్లు, 5,000.
బోరు: 1,50,000, పదియేండ్లు, 15,000.
గొట్టములు: 24,00,000, ముప్పదియేండ్లు, 80,000.
ట్యాంకు: 16,00,000, నలువదియేండ్లు, 40,000.

ఈ పద్దు 1,52,000. ఇంటికి నెలకు 32 రూపాయలు. రెండును కలిసి ఏడాదికి 3,79,000, అనగా ఇంటికి నెలకు 79 రూపాయలగును. 47 వసూలుచేయు గ్రామమునకు కుళాయిలలో నీరు వచ్చుచునే యుండును, లెక్కలు సరిపోవుచునే యుండును. కాని ఆ నెలకు ముప్పదిరెండు రూపాయలను ఆ గ్రామము తన మోటారు నుండియు, తన గొట్టముల నుండియు అప్పు తీసికొనుచున్నది.

ఇంకొక మాట. పై వస్తువుల మొత్తము ఖరీదు 42,64,000. ఏటేట అగు ఖర్చు 3,79,000. పదునొకటిన్నర యేండ్లు తిరుగకముందే, నిలుపుకొనుటకైన ఖర్చు కట్టుటకైన ఖర్చును మించిపోవును. కట్టినప్పుడు శిలాఫలకము వేయుదురు, సభ చేయుదురు. ఈ రెండవ ఖర్చునకు మాత్రము సభ యుండదు.

కూడబెట్టిన డబ్బును పెట్టెలో నుంచిన చాలదు. ఏటేట నూటికి ఐదు చొప్పున ధరలు పెరిగినచో, నేడు 84,000 చేయు మోటారు ఏడేండ్లకు 1,18,000 చేయును. ఏటికి 12,000 చొప్పున నూటికి ఆరు వడ్డీకి దాచినను ఏడేండ్లకు వచ్చునది 1,00,700. ఇంకను 17,000 తక్కువ. కావున తరుగుదల నిధిని ప్రత్యేకపు డిపాజిటుగ నుంచవలెననియు, మూడేండ్ల కొకసారి కొత్త ధరలతో లెక్క సరిచూడవలెననియు మా సలహా. ఆ నిధిని జీతములకును, దీపముల బిల్లునకును తాకగూడదని తీర్మానము వ్రాసికొనుట మంచిది. తీర్మానము లేనిచోట నిధి నిలువదని మన సంఘముల చరిత్రయే చెప్పుచున్నది.

ఊరు దాటిన లెక్క

ఈ విషయము మన దేశమునందే పరిశోధింపబడినది. 2008లో నెదర్లాండు దేశపు ఐ.ఆర్.సి. అను సంస్థ నాలుగు దేశములలో ఐదేండ్ల పరిశీలన ఆరంభించెను. అందు బుర్కినా ఫాసో, ఘానా, మొజాంబిక్ దేశములతో పాటు భారతదేశము గలదు. భారతదేశమున ఎన్నుకొనబడినది ఆనాటి ఆంధ్రప్రదేశ్. హైదరాబాదునందలి ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రము ఇందు పాల్గొనెను. వారు 2012లో ప్రకటించిన ప్రకారము, గొట్టముల ద్వారా నీరిచ్చు పథకమునకు మనిషి యొక్కటికి కట్టుబడి ఖర్చు 30 మొదలు 131 డాలర్లు; ఆపై ఏటేట 3 మొదలు 15 డాలర్లు. చేతిపంపు బోరునకు కట్టుబడి 20 మొదలు 61, ఏటేట 3 మొదలు 6. మన రాష్ట్రమున వారు కనుగొనినది మాకు ముఖ్యముగ తోచుచున్నది. డబ్బంతయు కట్టుబడికే పోవుచున్నది. పాతవానిని బాగుచేయుటకు, నీటి మూలములను కాపాడుటకు దక్కునది స్వల్పము. ఒక పథకము తన ఆయువు నిండకముందే మూలబడుచున్నది, దాని ప్రక్కన మఱియొకటి వెలయుచున్నది. మన యూళ్లలో పనిచేయని చేతిపంపు ప్రక్కన పనిచేయని చిన్న ట్యాంకు, దాని ప్రక్కన కొత్త ట్యాంకు చూడనివారెవరు?

దానముగ వచ్చిన పథకమునకైనను ఈ ధర్మము తప్పదు. అనంతపురము జిల్లాలో 1995 ప్రాంతమున శ్రీ సత్యసాయి ట్రస్టు ఏడువందలకు పైగా గ్రామములకు నీరు తెచ్చెను. కట్టుటకు గ్రామస్థులు గాని ప్రభుత్వము గాని రూపాయి అప్పు చేయవలసిన పని లేకపోయెను. ఐనను నడుపు ఖర్చు ప్రభుత్వముపై పడినది. తరువాతి కాలమున జీతపు బకాయిలకై కార్మికులు పని మానిన దినములును, అప్పుడు గ్రామములకు నీరాగిన దినములును గలవు. గోదానము పట్టినవాడు గడ్డికి తానే వెదకికొనవలయును గదా.

తెలంగాణమున 2016 ఆగస్టు 7న గజ్వేలు ప్రాంతపు కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ మార్గము వేఱు. కృష్ణా గోదావరుల నీరు దూరమునుండి పెద్ద గొట్టములలో వచ్చును. నల్లగొండ జిల్లాలో ఎముకలను వంచిన ఫ్లోరైడు నీటికి బదులు నదీజలము వచ్చుట చిన్న మేలు కాదు. ఆ మేలును తక్కువ చేసి చెప్పు ఉద్దేశము మాకు లేదు. కాని నిర్మాణ ధనములో చాల భాగము ఋణము. దాని అసలు, వడ్డీ రాష్ట్ర ఖజానా చెల్లించుచున్నది. ఊరి లోపలి గొట్టములు, వాల్వులు, ట్యాంకు కడుగుట మాత్రము పంచాయతీ పనియే. నీరు దూరమునుండి వచ్చినంత మాత్రమున ఊరి పద్దు సున్న కాదు.

జలజీవన్ మిషన్ ఆరంభమున దేశమునందలి పల్లెటిండ్లలో 3.23 కోట్లకే కుళాయిలుండెను. 2025 నాటికి అవి 15 కోట్లు దాటినవి. అంత వేగముగ వేసిన గొట్టములన్నియు ఇంచుమించు ఒకే కాలమున ముసలివగునని గుర్తుంచుకొనవలయును. 2025 ఫిబ్రవరి బడ్జెటులో ఈ మిషన్ 2028 వఱకు పొడిగింపబడినప్పుడు, నిర్వహణపై దృష్టి పెట్టుదుమని ఆర్థికమంత్రి చెప్పుట శుభసూచకమే. పదునైదవ ఆర్థికసంఘము 2021–26 కాలమునకు పంచాయతీలకిచ్చిన ధనములో నూటికి 60 పాళ్లు నీటికిని, పారిశుద్ధ్యమునకును ముడిపెట్టబడినది. ఆ ధనము ఆదరువే గాని, ఐదేండ్ల కొకసారి ఢిల్లీలో నిర్ణయింపబడునది. కాలిపోయిన మోటారు ఐదేండ్లు ఆగదు.

మన బోర్లు, ఊరి బోరు

ఇక మన రైతులకు కొంత కష్టముగ నుండు మాట చెప్పక తప్పదు. పైలెక్కలో బోరు ఆయువు పదియేండ్లని వేసితిమి. ఊరి బోరు చుట్టును పొలములలో ఇరువది బోర్లు పడినచో ఆ పదియేండ్లు నాలుగైదగును. నీటిమట్టము దిగి, నీరు లేపవలసిన ఎత్తు 60 మీటర్ల నుండి 90 మీటర్లకు పెరిగినచో కరెంటు ఖర్చు ఒకటిన్నర రెట్లగును: 1,05,000 కాస్త 1,57,500. ఇంటికి నెలకు పదునొకండు రూపాయలు అదనము. వ్యవసాయపు బోర్లకు 2004 నుండి కరెంటు ఉచితము. ఊరి మంచినీటి బోరునకు బిల్లు వచ్చును. అనగా మనము ఉచితముగ తోడిన నీటి లోతునకు, సెంటు భూమి లేని కూలివాడు గూడ తన కుళాయి పన్నులో పాలు చెల్లించుచున్నాడు. ఇది మాకు న్యాయముగ తోచదు.

లోతునకు పోయినకొలది నీటి గుణమును మారవచ్చును. మన దేశమున ఫ్లోరైడు వ్యాధి 1937లో మొట్టమొదట గుర్తింపబడినది నాటి నెల్లూరు జిల్లాలోనే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటరాదు. దాటినచో వడపోయు యంత్రము కావలయును. ఆ యంత్రమునకు మరల తన మేత, తన తరుగుదల.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము, ప్రజల త్రాగునీటి మూలమునకు 250 మీటర్ల లోపల అనుమతి లేక ఇతర అవసరములకై బావి గాని బోరు గాని త్రవ్వరాదు. వాల్టా యని మనవారు పిలుచునది ఈ చట్టమునే. ఊరి బోరునుండి 250 మీటర్ల వలయమును గ్రామపటముపై గీయించి, పంచాయతీ గోడకు తగిలించుమని మేము కోరుచున్నాము. ఆ వలయములో ఇదివఱకే బోర్లున్న రైతులు వేసవి రెండు నెలలు వరి మాని ఆరుతడి పంట పెట్టుకొందురేని, ఆ త్యాగమునకు ఊరు కొంత పరిహార మిచ్చినను నష్టము లేదు. కొత్త బోరు వేయుటకంటె అది చవుక.

పన్ను విషయమున మా అభిప్రాయము కొంత చెప్పెదము. ఇంటికి 79 రూపాయలు ఎక్కువ యనువారు దినమున కొక క్యాను కొని నెలకు 300 చెల్లించుచున్నారు. క్యానులో 20 లీటర్లు. నలుగురున్న యింటికి కుళాయి ఇయ్యవలసినది దినమునకు 220 లీటర్లు. ఐతే జనము పన్ను ఇయ్యకుండుటకు కారణము ఎల్లప్పుడును పిసినిగొట్టుతనము కాదు. గొట్టముల చివరనున్న వాడలకు (అవి పెక్కుచోట్ల దళితవాడలే) నీరు సన్నగ వచ్చును, లేదా రాదు. మొదటి వీధిలో కొందఱు కుళాయి గొట్టమునకే మోటారు బిగించి లాగుకొందురు. రాని నీటికి పన్నడుగ ఎవరికి నోరు వచ్చును? ముందు ఆ మోటార్లను తీయించి, చివరి యింట బిందె ఎన్ని నిమిషములలో నిండుచున్నదో చూచి, తరువాత రసీదు పుస్తకము తీయవలయును. కౌలుదారులును రైతులును పంట చేతికి వచ్చినప్పుడు ఏడాది పన్ను ఒకేసారి చెల్లింపవచ్చును. కూలివారికి నెలవారీ పద్ధతి సులువు. దిక్కులేని ముసలివారికి మినహాయింపు ఇచ్చినచో, ఆ లోటు ఎవరు భరింతురో గ్రామసభలోనే తేల్చుకొనవలయును.

మరుగుదొడ్డి గుంత

ఇంటికి వచ్చిన నీరు ఇంటినుండి పోవలయును. 2014 అక్టోబరు 2న ఆరంభమైన స్వచ్ఛభారత్ మిషన్ క్రింద మరుగుదొడ్డికి 12,000 రూపాయలు ప్రోత్సాహకముగ వచ్చినవి. ఆ డబ్బు కట్టుటకు వచ్చినది. గుంత నిండునన్న మాట అప్పుడెవరును తలపలేదు. ఇప్పుడు నిండుచున్నవి.

ఒకే లోతైన గుంతగాని, సెప్టిక్ ట్యాంకుగాని ఉన్నయింట నిండినప్పుడెల్ల బండిని పిలువవలయును. మూడేండ్ల కొకసారి మూడువేలు అనుకొనినను నెలకు 83 రూపాయలు. ఇది మొత్తము కుళాయి పన్నును మించినది. ఆ బండి దానిని ఏ చెఱువు గట్టున క్రుమ్మరించునో అడుగువారు లేరు. డబ్బు మిగులునని మనిషిని ట్యాంకులోనికి దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. ఆ విషవాయువులకు నిమిషములలో ప్రాణములు పోయిన వార్తలు మనము ఏటేట చదువుచున్నాము. ఆ ఖర్చును ఏ పద్దులో వ్రాయుదుము?

రెండు గుంతల పద్ధతియే రైతునకు తగినది. దొడ్డినుండి వచ్చు గొట్టము ఒక చిన్న తొట్టిలో రెండుగ చీలును. ఒక దారిని మూసి ఒక గుంతనే వాడుకొనవలయును. ఐదారుగురున్న యింట అది నిండుటకు సుమారు మూడేండ్లు పట్టును. అప్పుడు దారి మార్చి రెండవదానిని వాడుచు, మొదటిదానిని రెండేండ్లు కదల్పక ఉంచినచో అందలి మలము వాసన లేని నల్లని మట్టివంటి ఎరువగును. పచ్చిగ తిను కూరలకు గాక చెట్లకు, మెట్ట పైరులకు వేసికొనవచ్చును. తీయుటకు వేసవి మంచిది. గుంత పొడిగ నుండును. మేము చూచిన చాల యిండ్లలో మేస్త్రీలు రెండు దారులను తెఱచియే విడిచిరి. రెండు గుంతలును ఒక్కసారి నిండినచో రెండవ గుంతకు పెట్టిన ఖర్చు వ్యర్థము. కావున సభ్యులు తమ తొట్టిమూత ఒకసారి ఎత్తి, ఒక దారి ఇటుకతోను మట్టితోను మూయబడియున్నదో లేదో చూచుకొనవలయును. గుంత త్రాగునీటి బావికి కనీసము పది మీటర్ల దూరమున నుండవలయును. దారి మార్చిన నెలను, సంవత్సరమును మరుగుదొడ్డి తలుపు లోపలి వైపున రంగుతో వ్రాసియుంచినచో, రెండేండ్లు గడచినవో లేదో ఇంటిలో పిల్లలు గూడ చెప్పగలరు.